నాటావు నెత్తురుల ఏం రాసి ఉంది?

ఫోన్ తెరిస్తే చాలు, ఎవరో ఒకరు పొట్టి దూడను చంకల ఎత్తుకొని కనిపిస్తున్నరు. "ఒరిజినల్ పుంగనూరు, పెయ్య దూడ, రేటు కోసం మెసేజ్ పెట్టండి" అని కింద రాత. బేరం లక్షలల్ల. మా దిక్కు పోరగాళ్లు సుత అప్పుజేసి ఒక జోడీ తెచ్చుకుందామా అని నన్ను అడుగుతున్నరు. అడిగేటప్పుడే ఇంకో మాట సుత అంటున్నరు: "అన్నా, అసలుదా నకిలీదా అని డీఎన్ఏ పరీక్షల తేలుతదట కదా?"

తేలుతది. కాని ఆ పరీక్ష ఏం చెప్తది, ఏం చెప్పదు అన్నది తెల్వకుంటే, రేపు దూడతోని పాటు ఒక లామినేషన్ కాయితం సుత అంటగడ్తరు. నేను పెద్ద చదువులు చదివినోన్ని కాదు. పసుల ముచ్చట మీద ఇరవై ఏండ్ల సంది ఊర్లు తిరుగుకుంట, దొరికిన పుస్తకమల్ల చదువుకుంట, డాక్టర్ల వెంటబడి అడుగుకుంట తెలుసుకున్నోన్ని. తెలిసింది మీకు చెప్తున్న. ఇది నకిలీ దూడల ముచ్చటతోని ఆగేది కాదు. మన దొడ్ల ఉన్న, పేరు కూడా లేని నాటావు విలువ ఎంత అనే దగ్గరిదాక పోతది.

కంటికి కనిపించేది సగమే

అంగట్ల పసులను కొనే మన పెద్దలు చూపుతోనే జాతి పట్టేస్తరు. తెల్లటి ఒళ్లు, ఎత్తు మూపురం, గంగడోలు కిందికి వేలాడుతుంటే ఒంగోలు. తెలుపు మీద నల్ల మచ్చలుంటే దేవని. ఒంటి మీద పొడలుండి, కాళ్లు గట్టిగ ఉండి, గుట్ట ఎక్కేటట్టుంటే అమ్రాబాద్ అడవుల పొడ తూర్పు. మోకాలు దాటి జరంత ఎత్తుంటే పుంగనూరు. ఇది చిన్న విద్య కాదు, తరాల అనుభవం.

కాని కంటిని మోసం చేయొచ్చు. రెండు వేరే జాతులను దాటిస్తే పుట్టిన పొట్టి దూడ పుంగనూరు లెక్కనే ఉంటది. చిన్నప్పుడు ఏ దూడైనా పొట్టిదే గదా! మూడేండ్లకు అది పెరిగి నడుము దాక వచ్చినంక అమ్మినోడు ఫోన్ ఎత్తడు. రంగు, కొమ్ము, ఎత్తు ఇవన్నీ కొద్దిపాటి జన్యువులు మారినా మారిపోతయి. అందుకనే సైన్సోళ్లు ఒంటి లోపలికి పోయి చూస్తున్నరు. గట్ల చూసే జాగాలల్ల ఒకటి మస్తు పనికొచ్చేది ఉంది. అదే రోగనిరోధక శక్తిని నడిపించే జన్యువుల గుంపు.

ఒంటి లోపలి కాపలా

మనుషులల్ల కిడ్నీ మార్పిడి చేసేటప్పుడు "మ్యాచ్ అయిందా లేదా" అని చూస్తరు, విన్నరు కదా. అక్కడ చూసేది హెచ్ఎల్ఏ అనే జన్యువులను. ఇది నా ఒళ్లు, అది బయటిది అని గుర్తుపట్టే పని వాటిదే. పసులల్ల గసొంటి గుంపునే బోలా అంటరు. ఆవు కణంల 30 జతల క్రోమోజోములుంటయి. బోలా గుంపు 23వ క్రోమోజోము మీద ఉంటది.

ఇది పనిచేసే తీరు జర నిదానంగ వినుండ్రి. మిగతా కథంతా దీని మీదనే నిలబడ్డది. ఆవు ఒంట్లకు ఒక రోగక్రిమి వచ్చిందనుకోండి. కాపలా కణాలు దాన్ని మింగి ముక్కలు ముక్కలు చేస్తయి. ఒక ముక్కను తీసుకొని కణం పైకి పట్టి చూపిస్తయి, "ఇగో, దొంగ ఇట్ల ఉన్నడు" అన్నట్టు. ఆ ముక్కను పట్టుకునే ప్రోటీను దోసిలి లెక్క ఉంటది. ఆ దోసిట్ల ఉన్నదాన్ని టీ కణాలు అనే సిపాయిలు చూస్తయి. చూసినంకనే కొట్లాట మొదలైతది. దోసిట్ల ముక్క నిలవకుంటే సిపాయికి దొంగ కనిపియ్యడు.

ఆ దోసిలి ఆకారాన్ని నిర్ణయించే జన్యువులల్ల ముఖ్యమైనది డీఆర్‌బీ3. దాంట్ల ఎక్సాన్ 2 అనే భాగం దోసిలి లోపలి గుంతను తయారుచేస్తది. లోకం మొత్తంల ఆవులల్ల ఈ జన్యువుకు ఇప్పటిదాక 300కు పైగా రూపాలు దొరికినయి. వేరే జన్యువులకు రెండు, మూడు రూపాలుంటే గొప్ప. దీనికేమో వందలు! ఎందుకు? క్రిములు ఊకుంటయా? అవి ఎప్పటికప్పుడు వేషం మారుస్తయి. ఒక్క తీరు దోసిలే మందలున్న అన్ని పసులకు ఉంటే, దాన్ని తప్పించుకునే క్రిమి వచ్చిన రోజు మంద మొత్తం పోతది. రకరకాల దోసిళ్లుంటే కొన్ని చస్తయి, కొన్ని బతుకుతయి, మంద నిలుస్తది. వేల ఏండ్లు రోగాలు చేసిన ఎంపిక ఇది.

ఇంకో మాట. ప్రతి ఆవుకు ఈ జన్యువు రెండు కాపీలుంటయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. రెండూ వేరేవేరైతే ఆవు దగ్గర రెండు తీర్ల దోసిళ్లున్నట్టు. రెండూ ఒక్కటేనైతే ఒక్క తీరే. దీన్ని గుర్తుపెట్టుకోండి, ఎనకనుంచి అక్కరకొస్తది.

ల్యాబ్‌ల చేసే పని

ఆవు మెడ నరం నుంచి జరంత నెత్తురు తీస్తరు. లేకుంటే కుదుళ్లతో సహా తోక ఎంట్రుకలు పీకి పంపినా సరిపోతది. దాంట్లనుంచి డీఎన్ఏ తీసి, ఎక్సాన్ 2 ఉన్న చిన్న ముక్కను, అంటే సుమారు 280 అక్షరాల పొడుగు ముక్కను, పీసీఆర్ మిషన్ల కోట్ల కాపీలు చేస్తరు. కరోనా కాలంల ముక్కుల పుల్ల పెట్టి చేసిన ఆర్‌టీ-పీసీఆర్ అందరికి యాదికున్నది కదా, అదే జాతి మిషన్.

ఆ ముక్క మీద మూడు రకాల ఎంజైములు వేసుడు పాత పద్ధతి. ఎంజైమంటే ఇక్కడ కత్తెర అనుకోండి. ఒక్కో కత్తెర ఒక్కో అక్షరాల వరస కనబడ్డ కాడనే కోస్తది. అందుకే వేరేవేరు రూపాలు వేరేవేరు పొడుగుల ముక్కలైతయి. వాటిని జెల్ మీద పరుగెత్తిస్తే చారలు చారలుగ కనిపిస్తయి. చారల వరసను చూసి ఇది ఏ నంబరు రూపమో చెప్తరు. ఇప్పుడైతే కత్తెర అవసరం లేకుంట అక్షరాలను నేరుగా చదివేస్తున్నరు.

మన దక్షిణాది జాతులల్ల మల్నాడ్ గిడ్డ, హళ్లికార్, ఒంగోలు ఆవుల మీద సుత ఈ తీరు పరీక్ష జరిగింది. ఒక్కో జాతిలనే పదుల కొద్ది రూపాలు కనిపించినయి. జపాన్ల, అర్జెంటీనాల, బొలీవియాల వాళ్ల వాళ్ల నాటు జాతుల మీద గిట్లనే చేసిన్రు. ప్రతి తావుల తేలిందొకటే. జాతి జాతికి ఈ రూపాల కలగలుపు వేరే ఉంటది.

ఇంటిపేరుతోని ఊరు చెప్పగలమా?

కలగలుపు అన్న మాటను పట్టుకోండి. "ఈ నంబరు రూపం ఉంటే ఒంగోలు, ఆ నంబరు ఉంటే జెర్సీ" అని ఎక్కడ రాసి లేదు. ఈ రూపాలల్ల చాలామటుకు జాతుల కంటే పాతవి. మనిషి ఆవును మచ్చిక చేయకముందు సంది నడుస్తున్నవి సుత ఉన్నయి. అందుకే ఒకటే రూపం ఒంగోలు ఆవుల ఉంటది, ఐరోపా హోల్‌స్టీన్ ఆవుల సుత ఉంటది.

ఇంటిపేర్లతో పోల్చుకుంటే తెలిసిపోతది. ఒక మనిషి ఇంటిపేరు చెప్తే ఏ ఊరోడో చెప్పగలమా? చెప్పలేం, అదే ఇంటిపేరు పది ఊర్లల్ల ఉంటది. కాని ఒక ఊరి ఓటరు లిస్టు మొత్తం చేతుల పెడితే? ఏ ఇంటిపేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కగడితే అది ఏ దిక్కు ఊరో చాలామటుకు పట్టేయొచ్చు. డీఆర్‌బీ3 సుత అంతే. ఒక్క ఆవును చూసి జాతి చెప్పుడు కష్టం. యాభై, వంద ఆవుల మందను చూస్తే ఈ మంద ఏ జాతికి దగ్గర, దేనికి దూరం, బయటి నెత్తురు కలిసిందా లేదా అనేది లెక్కల తేలుతది.

కాబట్టి ఎవరన్న మీకు ఒక్క దూడ మీద ఒక్క జన్యువు రిపోర్టు చూపించి "ఇది వంద శాతం పుంగనూరు" అంటే నమ్మకండి. ఒక్క పసువు జాతిని తేల్చాలంటే జన్యువుల మీద ఎన్నో జాగాలల్ల గుర్తులు చూడాలె. మైక్రోశాటిలైట్లు అనే గుర్తులను ముప్పై దాక చూసుడు ఒక పద్ధతి. వేల గుర్తులను ఒక్కసారే చదివే చిప్పులు ఇంకో పద్ధతి. వచ్చిన జవాబును పోల్చుకోవడానికి అసలు జాతి పసుల డీఎన్ఏ లెక్కలు ముందే తయారుగుండాలె. పోల్చేది లేకుంటే పరీక్షకు అర్థం లేదు.

ఈ చిప్పు ముచ్చట మన హైదరాబాద్‌కు సంబంధించిందే. మొదట్ల లోకంల వాడిన ఆవు చిప్పులన్నీ ఎక్కువగ ఐరోపా, అమెరికా జాతులను ముందర పెట్టుకొని చేసినవి. వాళ్ల ఆవులల్ల తేడా ఎక్కడుంటదో అక్కడనే గుర్తులు పెట్టిన్రు. మన ఆవులల్ల తేడాలున్న తావుల గుర్తులే లేకపోతే, మన జాతులన్నీ ఒక్క తీరుగనే ఉన్నట్టు కనిపిస్తయి. చూసేటోని అద్దం తప్పుగుంటే మనకు వైవిధ్యం లేదన్నట్టా? హైదరాబాద్‌ల ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యానిమల్ బయోటెక్నాలజీ మన ఆవుల కోసం ఇండిగౌ అనే చిప్పు తయారుచేసింది. 2021 ఆగస్టుల విడుదలైంది. దాంట్ల 11,496 గుర్తులున్నయి. గిర్, కాంక్రేజ్, సాహివాల్, ఒంగోలు అసొంటి దేశీ జాతులను కాపాడుడు దాని ఉద్దేశం అని చెప్పిన్రు. 2024 అక్టోబరుల గౌచిప్ అని ఇంకొకటి సుత వచ్చింది. మంచిదే. కాని మన మండలంల పశువుల దవాఖానదాక ఆ పరీక్ష ఎప్పుడొస్తది? రైతు అడిగితే ఎవరు చేస్తరు? దీనికి జవాబు కావాలె.

ఒంగోలు పోయి నెలోర్ అయింది

ఒక్క గుర్తును చూసి మోసపోవద్దనడానికి మన ఒంగోలు ఆవు కథనే పెద్ద సాక్ష్యం.

మూపురం ఉన్న మన ఆవులు, మూపురం లేని ఐరోపా ఆవులు వేరేవేరు తావుల మచ్చికైనవి. ఐరోపా ఆవుల పూర్వీకులు పడమటి ఆసియాల సుమారు పది వేల ఏండ్ల కింద, మనవి సింధు లోయ దిక్కు సుమారు ఎనిమిది వేల ఏండ్ల కింద. కాని అడవి పసులుగ ఉన్నప్పుడే రెండు వంశాలు లక్షల ఏండ్ల కింద విడిపోయినయి. అందుకే నెత్తురుల తేడా అంత స్పష్టంగ ఉంటది. ఉడుకు దేశంల, పిడుదుల మధ్యన బతికిన మన ఆవులకు పిడుదులను తట్టుకునే గుణం ఐరోపా ఆవుల కంటే ఎక్కువ. ఇది వాట్సాప్ మాట కాదు, ఎన్నో దేశాలల్ల రుజువైన మాట.

ఈ గుణాన్ని చూసే బ్రెజిల్ వాళ్లు 19వ శతాబ్దం సంది మన కోడెలను ఓడలల్ల తీసుకపోయిన్రు. 1960ల మొదట్ల సుత మళ్లొచ్చి మేలిమి కోడెలను కొనుక్కపోయిన్రు. మొదట్ల కోడెలు పోయిన 19వ శతాబ్దంల ఒంగోలు నెల్లూరు జిల్లాల ఉండె కాబట్టి అక్కడ ఆ జాతికి "నెలోర్" అని పేరు పడ్డది. ఇయ్యాల బ్రెజిల్‌ల ఇరవై కోట్లకు పైగా పసులుంటే, మాంసం కోసం పెంచేటియి చాలామటుకు నెలోర్ నెత్తురువే. వియాటినా-19 అనే ఒక్క నెలోర్ ఆవు ధర 40 లక్షల డాలర్లు దాటి గిన్నిస్ రికార్డుకెక్కింది. దాని మూలం ఉన్న ప్రకాశం జిల్లాల రైతు మాత్రం దొడ్డిల ఒంగోలు గిత్తను సాకలేక అంగడికి తోలుతున్నడు.

ఇగ అసలు ముచ్చట. ఆ నెలోర్ ఆవులల్ల తల్లి వైపు నుంచి మాత్రమే వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏను చూస్తే చాలా పసులల్ల అది ఐరోపా ఆవుది! ఎందుకంటే ఓడల పోయినవి ఎక్కువగ కోడెలు. అక్కడున్న ఐరోపా మూలం ఆవులతో వాటిని తరతరాలు దాటించిన్రు. చూడడానికి మొత్తం ఒంగోలే, తల్లి గుర్తు మాత్రం వేరే. తల్లి గుర్తు ఒక్కటే చూస్తే ఇది ఐరోపా ఆవు అంటరు. మూపురం ఒక్కటే చూస్తే ఒంగోలు అంటరు. రెండూ సగం నిజాలే. అందుకే రోగనిరోధక జన్యువులు, మైటోకాండ్రియా, మిగతా గుర్తులు అన్నీ కలిపి చదివితేనే పసువు చరిత్ర తెలుస్తది.

పేరు లేనిదాని విలువ

ఇప్పుడు మన దొడ్లకొద్దాం. 2019 పశుగణన లెక్కల ప్రకారం దేశంల సుమారు 19 కోట్ల ఆవులు, ఎద్దులు ఉన్నయి. దాంట్ల సుమారు 5 కోట్లు విదేశీ, సంకర జాతులు, 14 కోట్లు దేశీవి. అంతకుముందు గణనతో పోలిస్తే సంకరజాతి సుమారు 27 శాతం పెరిగింది, దేశీ సుమారు 6 శాతం తగ్గింది. ఉన్న దేశీ పసులల్ల సుత ఎక్కువ భాగాన్ని సర్కారు లెక్కల ఏ జాతికీ చెందనివి అని ఒక ఖానాల రాస్తరు. అంటే మన నాటావు. దానికి పేరు లేదు. పేరు లేదు కాబట్టి పథకం లేదు. పథకం లేదు కాబట్టి దానికి జెర్సీ సూదో, హెచ్ఎఫ్ సూదో వేసి మార్చెయ్యాలె. ఇదే ఏండ్ల సంది నడిచిన ఆలోచన.

పాల కోసం సంకర ఆవును సాకే రైతును నేను తప్పుపడ్తలేను. నెల నెలకు పాల బిల్లు రావాలె, పిల్లల ఫీజు కట్టాలె. కాని ఎదకొచ్చిన ప్రతి ఆవుకు, దుక్కి దున్నే ఎద్దు కావాల్సిన కొండ ఊర్లల్ల సుత, అదే సూది ఒక్కటే దొరికేటట్టు చేసుడు తప్పు. ఒక్క కోడె వీర్యంతోని వేల స్ట్రాలు తయారైతయి. ఆ కోడె దగ్గరుండేటివి డీఆర్‌బీ3 రూపాలు రెండే. పదూర్ల దూడలన్నిట్ల ఆ రెండిట్ల ఒకటి చేరుతది. అమెరికాల కృత్రిమ గర్భధారణకు వాడే హోల్‌స్టీన్ కోడెల తండ్రి వరస పట్టుకొని ఎనకకు పోతే దాదాపు అన్నీ 19వ శతాబ్దపు రెండే రెండు కోడెల దగ్గర ఆగుతయని పరిశోధకులు తేల్చిన్రు. పాలు పెరిగినయి, నిజమే. వంశం మాత్రం సన్నబడ్డది.

ఈ జన్యువు రూపానికి రోగానికి నేరుగా లంకె ఉన్న ఉదాహరణ ఒకటి చెప్త. ఆవులల్ల రక్తక్యాన్సర్ తెచ్చే లుకేమియా వైరస్ ఒకటుంది. జపాన్ పాడి రైతులకు అది పెద్ద బాధ. డీఆర్‌బీ3ల 009:02 అనే రూపం ఉన్న ఆవులల్ల ఆ వైరస్ ఒంట్ల పెద్దగ పెరగదని అక్కడ తేలింది. గసొంటి ఆవులను ఏరి, మందల రోగం పాకకుంట అడ్డుగోడ లెక్క వాడుకునే ప్రయత్నం చేస్తున్నరు. గాలికుంటు టీకాకు ఒక్కో పసువు ఒక్కో తీరుగ స్పందించడంల సుత ఈ జన్యువు పాత్ర ఉందని పరిశోధనలున్నయి. రేపు మన దగ్గర ఏ కొత్త రోగం వస్తదో ఎవరికెరుక? దానికి జవాబు ఏ పేరు లేని ఆవు నెత్తురుల ఉందో ఎవరికెరుక? చూడకముందే మార్చేస్తే దొరకదు.

అట్లని "దేశీ ఆవుకు రోగమే రాదు" అనే ప్రచారం సుత నమ్మకండి. 2022ల లంపీ రోగం వచ్చినప్పుడు దేశంల లక్షకు పైగా పసులు చచ్చినయి. రాజస్థాన్, గుజరాత్‌లల్ల చచ్చినదాంట్ల దేశీ ఆవులు సుత మస్తున్నయి. ఏ జాతికీ అన్ని రోగాల నుంచి రక్ష లేదు. టీకా టీకానే. మందకు బలం రకరకాల నెత్తురు ఉండడంలనే ఉంది.

స్వచ్ఛత అనే పిచ్చి

ఇక్కడ ఒక కాడ మనం నిక్కచ్చిగ ఉండాలె. జాతి గుర్తులు, డీఎన్ఏ అనంగనే కొందరు "స్వచ్ఛమైన నెత్తురు" అని మొదలుపెడ్తరు. ఆవుల ముచ్చటతోని మొదలుపెట్టి మనుషుల కులం ముచ్చటకు తెస్తరు. మన ఊర్లల్ల ఆ మాట ఎవరిని తొక్కడానికి పనికొచ్చిందో మీకు నేను చెప్పాల్నా?

సైన్సు చెప్పేది దానికి ఉల్టా. రోగనిరోధక జన్యువులల్ల గట్టిగుండేది కలగలుపు ఉన్న మంద. పొట్టిదానికి పొట్టిదాన్ని, ఒకటే కడుపున పుట్టినదాన్ని ఒకటే కడుపున పుట్టినదానితో దాటించుకుంట పోతే ఏమైతది? పైన చెప్పిన రెండు కాపీలు ఒక్కటే అయితయి. రెండు దోసిళ్ల జాగల ఒక్క దోసిలి మిగుల్తది. ఇన్‌స్టాగ్రామ్ కోసం ఏటేటా ఇంకా పొట్టి, ఇంకా పొట్టి అని పుంగనూరును పిసికేటోళ్లు చేస్తున్నది ఇదే. ఎత్తు తగ్గుతది, ధర పెరుగుతది, దాంతోపాటు మందల కాపలా సన్నబడుతది. ఇంట్ల ఏసీల పెట్టి సాకే బొమ్మ ఆవును చూసి జాతి బతికిందనుకోవద్దు. జాతి బతకాలంటే దాన్ని మేపే బీడు, దున్నే చేను, దాటించడానికి వేరేవేరు వంశాల కోడెలు, సాకే మనుషులు కావాలె.

జాతి అంటే గోడ కట్టిన కోట కాదు. ఒక నేల మీద, ఒక ఎండల, ఒక మేతతోని, కొందరు మనుషుల చేతుల తరతరాలు పెరిగి ఒక తీరుకొచ్చిన మంద. పొడ తూర్పును చూడండి. నల్లమల అంచుల, అచ్చంపేట, అమ్రాబాద్ దిక్కు లంబాడ తండాల మనుషులు, తక్కిన పసులకాపరులు అడవికి, ఊర్లకు తోలుకుంట సాకిన పసులవి. కురుమూర్తి జాతరల ఆ ఎద్దులను కొనుక్కుందామని రైతులు ఎదురుచూసేది. సర్కారు లెక్కల మాత్రం చాన ఏండ్లు దానికి పేరే లేదు. సాకేటోళ్లు సంఘం పెట్టుకొని, లెక్కలు రాసి, కొట్లాడినంకనే కర్నాల్‌ల ఉన్న జాతీయ పశు జన్యు వనరుల సంస్థ దాన్ని ప్రత్యేక జాతిగ గుర్తించింది. తెలంగాణ పేరు మీద గుర్తింపు పొందిన ఆవు జాతి అది. పొడ తూర్పు ముందు సంది ఉన్నదే. కాయితం ఇప్పుడొచ్చింది.

నెత్తురు ఎవరిది, లెక్క ఎవరిది?

గుర్తింపు ఎందుకు ముఖ్యమంటే, 2019 సంది కేంద్రం గుర్తించిన జాతులను గెజిట్‌ల ప్రకటిస్తున్నది. అంటే ఈ జన్యు సంపద ఈ దేశానిది అని రాతపూర్వకంగ చెప్పుడు. ఒంగోలు కోడెలు ఓడలెక్కిన కాలంల గసొంటిది లేదు. ఇప్పుడైతే కోడెను ఓడ ఎక్కించే పని సుత లేదు. పది ఎంట్రుకలు కవర్ల పెట్టి పంపితే చాలు, జన్యువు అక్షరాలన్నీ కంప్యూటర్ల ఉంటయి. రేపు ఏ కంపెనీయో మన ఆవులల్ల ఒక మంచి రోగనిరోధక రూపాన్ని పట్టుకొని దాంతో వ్యాపారం చేస్తే, ఆ ఆవును వందల ఏండ్లు సాకిన తండాకు ఏమొస్తది?

దీని కోసం 2002ల జీవవైవిధ్య చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం ప్రతి గ్రామ పంచాయతీల జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలె. ఊర్ల ఉన్న చెట్టు, విత్తనం, పసువు, వాటి మీద మనుషులకున్న తెలివి అన్నీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్‌ల రాయాలె. మీ ఊర్ల ఆ కమిటీ ఉందా? సర్పంచుకు, కార్యదర్శికి దాని పేరన్న తెలుసా? నేను తిరిగిన చాలా ఊర్లల్ల రిజిస్టర్ ఎవరో బయటోళ్లు వచ్చి ఒక్క పూటల నింపి పోయిన్రు. పసుల ఖానాల "ఆవులు, బర్రెలు, మేకలు" అని రాసి ఉంటది. అంతే. జాతి లేదు, లెక్క లేదు, సాకేటోని పేరు లేదు.

అందుకని చదువుకున్న, చేతుల ఫోనున్న తమ్ముళ్లకు, చెల్లెండ్లకు నాలుగు పనులు చెప్తున్న.

ఒకటి, మీ ఊరి మంద లెక్క రాయండి. ఎన్ని నాటావులు, ఎన్ని ఎద్దులు, ఊర్ల మందల తిరిగే కోడె ఉందా లేదా. ప్రతి పసువుకు పక్కనుంచి ఒక ఫోటో, ముందరనుంచి ఒక ఫోటో, ఎత్తు టేపుతో కొలిచి రాయండి. రంగు, కొమ్ము తీరు, ఎన్ని ఈతలు, ఏ రోగం ఎప్పుడొచ్చింది, ఏది తట్టుకున్నది. మీ ఇంట్ల అవ్వను, తాతను అడిగితే సగం వాళ్లే చెప్తరు. జాతి గుర్తింపుకు మొదలు అడిగేది ఇదే: ఎక్కడ ఉంటయి, ఎన్ని ఉన్నయి, ఎట్ల ఉంటయి, ఎవరు సాకుతున్నరు. డీఎన్ఏ దాని తర్వాతనే.

రెండు, పసువు చెవికి 12 అంకెల బిళ్ల వేసేటప్పుడు పక్కన నిలబడండి. జాతి ఖానాల ఏం రాస్తున్నరో చూడండి. పొడ తూర్పును "నాటు" అని, సంకరాన్ని "ఒంగోలు" అని రాస్తే అక్కడనే దిద్దించండి. ఆ తప్పే రేపు సర్కారు లెక్క అయితది.

మూడు, నెత్తురు తీయడానికో ఎంట్రుకలు తీయడానికో ఎవరన్న వస్తే కాదనకండి. కాని అడగండి. ఏ సంస్థ, దేని కోసం, రిపోర్టు మాకు ఇస్తరా, ఇది మా పంచాయతీ రిజిస్టర్‌ల రాస్తరా? పరిశోధనకు సాయం చేసుడు మంచిదే. జవాబు తెచ్చుకునుడు మన హక్కు.

నాలుగు, పొట్టి ఆవు కొనేటోళ్లు అప్పుజేసి కొనకండి. కొనాల్నంటే తల్లిని, తండ్రిని, అంతకుముందు ఈతల దూడలను పెద్దయినంక చూసి కొనండి. పలమనేరుల వెటర్నరీ యూనివర్సిటీ వాళ్ల పశు పరిశోధన కేంద్రంల పుంగనూరు మంద ఉంది, పోయి అసలుది ఎట్లుంటదో కండ్లతో చూసి రాండి. పరీక్ష కాయితం చూపిస్తే ఎన్ని గుర్తులు చూసిన్రు, ఏ మందతో పోల్చిన్రు అని అడగండి. జవాబు చెప్పలేనోని దగ్గర బేరమాడకండి.

సర్కారును సుత మనం అడగాల్సింది ఉంది. గోపాలమిత్ర దగ్గర జెర్సీ, హెచ్ఎఫ్ స్ట్రాలతో పాటు మన జాతుల స్ట్రాలు ఉండాలె, రైతు అడిగింది వెయ్యాలె. పేరు లేని ఆవుల మీద సుత జన్యు పరీక్షలు జరగాలె, వాటి రోగనిరోధక రూపాల లెక్క తెలుగుల రైతులకు చెప్పాలె. హైదరాబాద్‌ల తయారైన చిప్పు అమ్రాబాద్ మందదాక రావాలె. వేసవిల పసులకు మేత బీడు లేకుంట చేసి, పట్నంల గోవు జాతుల మీద సదస్సు పెడితే లాభం లేదు.

నెత్తురుల రాసి ఉన్నదాన్ని చదివే మిషన్లు వచ్చినయి. చదవడానికి మందలల్ల ఆవులు మిగిలి ఉండాలె. ఈ ఆదివారం ఊరి మంద పోయేటప్పుడు ఒక నోట్‌బుక్కు పట్టుకొని బయల్దేరండి. మొదటి పేజీ మీద మీ ఊరి పేరు రాయండి, తర్వాత ఒక్కో ఆవు.